శాన్ వాన్ దీవుల్లో పడవ నడిపే ముందు రెండు వారాల చదువు

జూన్ వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అక్కా, అనకోర్టెస్‌లో పడవ మాట్లాడుకున్నాం. ఇంకా రెండు వారాలే ఉంది. ఏం చదవమంటారు?" అడిగేవాళ్లు రెడ్మండ్‌లోనో బెల్‌వ్యూలోనో ఉద్యోగం చేసే మనవాళ్లు. తెరచాప ఎత్తడం, దించడం, గాలికి మళ్లించడం లేక్ వాషింగ్టన్‌లో బాగానే నేర్చుకుని ఉంటారు. కానీ సరస్సులో నీరు ఎటూ పోదు. అమెరికా పడమటి తీరాన, అనకోర్టెస్ రేవు నుంచి వెళ్లే శాన్ వాన్ దీవుల మధ్య నీరు రోజంతా ఎటో ఒకటు పోతూనే ఉంటుంది, పడవను కూడా వెంట తీసుకుపోతుంది. మా ఇంట్లో తెరచాపల పని మా ఆయనది, చార్టు (సముద్రపు పటం) పని నాది. అందుకే ఆ ఫోన్లకు జవాబు చెప్పడం నా వంతు అయింది. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

రెండు వారాల్లో నావిగేషన్ శాస్త్రమంతా రాదు, రానవసరమూ లేదు. నక్షత్రాల లెక్కలు, వాటి ఎత్తు కొలిచే సెక్స్టంటు జోలికి వెళ్లకండి. పడవ మీద ఏ క్షణాన ఎవరు అడిగినా మూడింటికి జవాబు చెప్పగలిగితే చాలు. ఇప్పుడు ఎక్కడున్నాం? మన కింద ఎంత నీరుంది? ఆ నీరు ఎటు పోతోంది? మొదటిదానికి జీపీఎస్ ఉంది, రెండోదానికి లోతు చూపే మీటరు ఉంది. మూడోది మాత్రం ఇంట్లో కూర్చుని ముందే లెక్క వేసుకోవాలి. కొత్తవాళ్లు తమకున్న సమయమంతా మొదటి ప్రశ్న మీదే ఖర్చు పెడతారు. సగం సమయం మూడోదానికి ఇవ్వమని నా సలహా.

ముందుగా ఒక చిన్న పని ముగించండి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటూ 15 హార్స్‌పవర్, అంతకు మించిన ఇంజనున్న పడవ నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి. 1955కు ముందు పుట్టినవారికి మినహాయింపు ఉంది కానీ ఇది చదివేవారిలో అంతటి పెద్దలు తక్కువే అనుకుంటాను. ఆన్‌లైన్‌లో ఒకటి రెండు రోజుల్లో అయిపోయే కోర్సు అది. చివరి వారానికి వాయిదా వేయకండి.

ఇక చార్టు. కాగితం చార్టు కావాలి. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా సంప్రదాయ కాగితం చార్టులను ఒక్కొక్కటిగా ఆపేస్తూ వచ్చి 2025 మొదలయ్యేసరికి ఆ పని పూర్తి చేసింది. వాటి బదులు, మనకు కావలసిన ప్రాంతాన్ని, స్కేలును మనమే ఎంచుకుని పీడీఎఫ్‌గా తయారు చేసుకునే వీలు తమ వెబ్‌సైట్లో ఉచితంగా కల్పించింది. దాన్ని పెద్ద కాగితం మీద ముద్రించుకోండి. ఎవరి దగ్గరైనా పాత 18421 నంబరు చార్టు దొరికితే సాధనకు అంతకంటే మంచిది లేదు. నడపడానికి మాత్రం కొత్తదే వాడాలి. భోజనాల బల్ల ఖాళీ చేసి చార్టు పరచండి. మెత్తని పెన్సిలు, పిల్లల జామెట్రీ బాక్సులోని డివైడరు, సమాంతర రేఖలు గీసే రూలరు ఉంటే సరంజామా సిద్ధమైనట్టే.

చార్టులో మొట్టమొదట చదవాల్సింది దీవుల పేర్లు కాదు, శీర్షిక కింద చిన్న అక్షరాల్లో ఉండేది. లోతులు అడుగుల్లో ఇచ్చారా, మీటర్లలోనా, ఫాథమ్‌లలోనా? ఫాథమ్ అంటే ఆరు అడుగులు. 2 అని రాసి ఉన్నచోట రెండు అడుగులో పన్నెండు అడుగులో తెలియకుండా పడవ ఎక్కకూడదు. ఆ లోతులు ఏ నీటిమట్టం నుంచి కొలిచారో కూడా అక్కడే ఉంటుంది. ఇక్కడ రోజూ రెండుసార్లు నీరు తగ్గుతుంది. ఆ రెండింటిలో బాగా తగ్గిన మట్టాల సగటును సున్నాగా తీసుకుంటారు. సగటు కాబట్టి, కొన్ని రోజుల్లో నీరు అంతకంటే కిందికీ పోతుంది. ఈ ప్రాంతంలో వేసవిలో బాగా లోతుకు తగ్గే ఆటు మధ్యాహ్నం అటూ ఇటూగా వస్తుంది. టైడ్ టేబుల్లో (ఆటుపోట్ల సమయాలు, ఎత్తులు ఇచ్చే పట్టిక) మైనస్ గుర్తు కనిపిస్తే అదే.

దూరం కొలవడం తేలిక. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. డివైడరుతో దూరం పట్టుకుని చార్టు కుడి అంచునో ఎడమ అంచునో ఉన్న స్కేలు మీద పెట్టండి. పైన, కింద ఉండే రేఖాంశాల స్కేలు మీద పెట్టకూడదు. ఈ అక్షాంశాల దగ్గర రేఖాంశ నిమిషం మైలులో మూడింట రెండు వంతులే ఉంటుంది. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు వేగం. ఇంజను మీద ఆరు నాట్ల వేగంతో పోతే పది నిమిషాలకు ఒక మైలు. ఈ ఒక్క లెక్క తలలో ఉంటే చాలావాటికి కాలిక్యులేటరు అక్కర్లేదు.

తరువాత దిక్సూచి. చార్టు మీద గీసిన గీతకు కొలిచే కోణం అసలు ఉత్తరం నుంచి. పడవ మీద దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం నుంచి. విశాఖ తీరంలో ఈ రెంటికీ తేడా ఒక డిగ్రీ లోపే, మరిచిపోయినా కొంప మునగదు. శాన్ వాన్ దీవుల్లో తేడా సుమారు 15 డిగ్రీలు తూర్పుకు. చార్టు మీద కొలిచిన కోణంలోంచి 15 తీసేస్తే దిక్సూచికి సరిపోతుంది. దిక్సూచి మీద చదివినదానికి 15 కలిపితే చార్టుకు సరిపోతుంది. చార్టులో నేరుగా పడమర 270 అయితే దిక్సూచి మీద 255. ఈ తీసివేత మరిచి నాలుగు మైళ్లు పోతే దాదాపు ఒక మైలు పక్కన తేలతారు. పడవలో ఎలక్ట్రానిక్ చార్టు చూపే ప్లాటరు స్క్రీను ఏ ఉత్తరాన్ని వాడుతోందో సెట్టింగులలో చూసుకోండి. ఒక్కో పడవలో ఒక్కోలా ఉంటుంది.

స్క్రీను మాటొచ్చింది కాబట్టి, నేను కాగితం మీద అంత పట్టుదలగా ఎందుకున్నానో చెప్పాలి. ఎలక్ట్రానిక్ చార్టును దూరం చేసి చూస్తే చిన్న రాళ్లు, రీఫులు (నీటి కింది పగడపు, రాతి దిబ్బలు) తెర మీంచి మాయమవుతాయి. 2014 నవంబరులో వోల్వో ఓషన్ రేస్‌లో పాల్గొంటున్న వెస్టాస్ విండ్ పడవ హిందూ మహాసముద్రంలో, మారిషస్‌కు చెందిన కార్గాడోస్ కారాజోస్ రీఫు మీదికి రాత్రిపూట ఎక్కేసింది. అందులో ఉన్నవాళ్లు ప్రపంచస్థాయి నావికులు. చార్టును తగినంత దగ్గరగా పెంచి చూడకపోవడం వల్ల అక్కడ అంత పెద్ద రీఫు ఉందన్నది వాళ్ల దృష్టికి రాలేదు. తగిన స్కేలులో ఉన్న కాగితం ఏదీ దాచదు. కాబట్టి ఇంట్లోనే మీ దారిని కాగితం మీద గీసి, ఆ గీతకు అటూ ఇటూ అర మైలు లోపల ఉన్న ప్రతి గుర్తునూ ఎర్ర పెన్సిలుతో చుట్టండి. ప్లస్ గుర్తు ఉంటే ఎప్పుడూ నీళ్లలోనే ఉండే రాయి. నక్షత్రం గుర్తు ఉంటే ఆటుకు బయటపడి పోటుకు మునిగే రాయి. ఆకుపచ్చగా ఉన్నచోటు ఆటు సమయంలో నేలగా తేలుతుంది. అనకోర్టెస్ నుంచి పడమరగా రొజారియో జలసంధి దాటి వెళ్తే, దీవుల నడుమ ఇరుకు దారి అయిన థాచర్ పాస్ లోపల లాసన్ రాక్ మీ ఎర్ర చుట్లలోకి రావాలి. రాకపోతే మళ్లీ గీయండి.

ఇక ప్రవాహం. ఇక్కడ తొందరపడకండి.

పసిఫిక్ నీరు వాన్ డె ఫూకా జలసంధి గుండా లోపలికి వచ్చి, ఈ దీవుల సందుల్లోంచి జార్జియా జలసంధిలోకి ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. రొజారియోలో పోటు ఉత్తరానికి, ఆటు దక్షిణానికి పారుతుంది. వెడల్పు ఉన్నచోట ఒకటి రెండు నాట్లు. శాన్ వాన్ ఛానల్ దక్షిణ ముఖద్వారం దగ్గర, దాన్నే అక్కడివాళ్లు క్యాటిల్ పాస్ అంటారు, ఐదు దాకా పోతుంది. డిసెప్షన్ పాస్‌లో ఎనిమిది. అద్దె పడవ ఇంజను మీద ఆరు నాట్లు పోతుందనుకుంటే డిసెప్షన్ పాస్‌లో ఎదురీదేటప్పుడు వెనక్కి నడుస్తారు.

చాలామంది టైడ్ టేబుల్ చూసి, నీరు పూర్తిగా ఎక్కిన సమయానికి ప్రవాహం ఆగిపోతుందని అనుకుంటారు. ఈ దీవుల్లో అది నిజం కాదు. నీటి ఎత్తు వేరు, నీటి నడక వేరు; రెంటి మధ్య గంటల తేడా రావచ్చు. నోవా వెబ్‌సైట్లో ఎత్తులకు ఒక పట్టిక, ప్రవాహాలకు వేరే పట్టిక ఉంటాయి. మీకు కావలసింది రెండోది. రొజారియో జలసంధికి, డిసెప్షన్ పాస్‌కు, శాన్ వాన్ ఛానల్‌కు నేరుగా అంకెలు దొరుకుతాయి. సమయం వేసవి గడియారం ప్రకారం ఉందా లేదా అన్నది పట్టిక పైనే రాసి ఉంటుంది. గంట తేడాతో మొత్తం ప్రణాళిక తలకిందులవుతుంది. కెనడా హైడ్రోగ్రాఫిక్ సర్వీస్ వేసిన ప్రవాహాల అట్లాసు కూడా ఈ ప్రాంతానికి పనికొస్తుంది. అందులో గంట గంటకూ నీరు ఎటు పోతోందో బాణాలతో బొమ్మలు వేసి ఉంటాయి. అంకెలకంటే ఆ బాణాలే మనసులో నిలుస్తాయి.

పట్టిక నుంచి లెక్క తీయడం ఇలా. నీరు నిలిచే సమయం మధ్యాహ్నం 1:10 అనీ, పోటు ప్రవాహం గరిష్ఠంగా 4:10కి 2.4 నాట్లనీ ఉందనుకుందాం. మొదటి గంట చివర గరిష్ఠంలో సగం, రెండో గంట చివర తొంభై శాతం, మూడో గంటకు పూర్తి వేగం. అంటే 2:10కి 1.2 నాట్లు, 3:10కి 2.2 నాట్లు. మధ్యలో, మూడు గంటలప్పుడు, ఉజ్జాయింపుగా రెండు నాట్లు. నీటి ఎత్తుకు ఇలాంటి సూత్రమే ఒకటి ఇంగ్లండు నుంచి వచ్చిన పాఠాల్లో కనిపిస్తుంది, దాన్ని ఇక్కడ నమ్మకండి. శాన్ వాన్ దీవుల్లో ఒకే రోజు వచ్చే రెండు పోట్లు, రెండు ఆట్లు సమానంగా ఉండవు; ఎత్తులను గంటవారీగా పట్టిక నుంచే చదవాలి.

ఇప్పుడు ఆ రెండు నాట్ల ప్రవాహాన్ని దాటాలి. అనకోర్టెస్ పక్కనున్న గ్వెమెస్ ఛానల్ చివర నుంచి థాచర్ పాస్ వాకిలి దాకా సుమారు నాలుగు మైళ్లు. లెక్క సులువు కోసం దారి నేరుగా పడమరకే ఉందనుకుందాం. పడవ వేగం ఆరు నాట్లు, నీరు ఉత్తరానికి రెండు నాట్లు. ముక్కు పడమరకే పెట్టి కదిలితే నలభై నిమిషాల్లో అవతలి ఒడ్డు చేరతారు, కానీ మైలుంబావు ఉత్తరాన. అక్కడ ఉండేది పాస్ కాదు, బ్లేక్లీ దీవి తూర్పు ఒడ్డు. గోదావరి దాటించే పడవవాళ్లు అవతలి రేవుకు సూటిగా పోకుండా ఎగువకు ఏటవాలుగా ముక్కు పెడతారు చూడండి, అదే పని ఇక్కడ పెన్సిలుతో చేయాలి.

బయలుదేరే చోటు నుంచి గమ్యానికి గీత గీయండి. బయలుదేరే చోటు నుంచే నీరు పోయే దిక్కుకు, అంటే ఉత్తరానికి, రెండు మైళ్ల గీత గీయండి. నీరు గంటలో నడిచే దూరం అది. డివైడరును ఆరు మైళ్లకు తెరిచి, ఒక ముల్లును ఆ రెండో గీత చివర పెట్టి, రెండో ముల్లు మొదటి గీతను ఎక్కడ తాకుతుందో గుర్తించండి. గీత గమ్యం దాటి పొడిగించాల్సి రావచ్చు, పరవాలేదు. ఆ రెండు బిందువులనూ కలిపితే పడవ ముక్కు పెట్టాల్సిన దిక్కు వస్తుంది: చార్టు మీద సుమారు 250, పదిహేను తీసేస్తే దిక్సూచి మీద 235. అసలు గీత మీద మీరు గంటలో చేరే దూరం కూడా అక్కడే కనిపిస్తుంది, 5.7 మైళ్ల లోపు. నాలుగు మైళ్లకు నలభై రెండు నిమిషాలు. వేర్వేరు ప్రవాహ వేగాలతో ఈ బొమ్మను చూడకుండా గీయగలిగేదాకా వేయండి. రెండు సాయంత్రాల పని.

నీటి మీద దీన్ని సరిచూసుకోవడానికి లెక్కలు వద్దు. ముందున్న దీవి కొసను, దాని వెనక కనిపించే కొండ మీది ఏదో ఒక చెట్టునో గీతనో కలిపి చూడండి. రెండూ ఒకే వరుసలో నిలిచి ఉంటే మీరు గీత మీదే ఉన్నారు. వెనకది కుడికి జరుగుతుంటే మీరూ కుడికి కొట్టుకుపోతున్నారు. ఈ ఒక్కటి చేతనైతే ప్లాటరు చెడిపోయినా పాస్ దాటగలరు.

ప్రవాహాన్ని కంటితో చదవడమూ అలవాటు చేసుకోండి. పీతల బుట్టలకు గుర్తుగా కట్టిన చిన్న బోయా (నీటిపై తేలే బుడ్డి) పక్కగా వెళ్తున్నప్పుడు ఆగి చూడండి. అది ఒక పక్కకు వాలి, ఎగువ వైపు మెడ దగ్గర నీరు చిన్న మడతలా లేచి, దిగువ వైపు నురగ తోక సాగుతుంది. తోక ఎటుంటే నీరు అటు పోతోంది. కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు కూడా అంతే. గోధుమరంగు బుడిపె నీటిపై తేలుతూ, పొడుగాటి పట్టీల్లాంటి ఆకులన్నీ ఒకే దిక్కుకు చాచి ఉంటాయి. ప్రవాహం మరీ ఎక్కువైతే బుడిపెలతో సహా మునిగి కనిపించకుండా పోతాయి. పైగా కెల్ప్ రాయిని పట్టుకునే పెరుగుతుంది. అది ఉన్నచోట చార్టులో రాయి లేకపోయినా దూరంగా తిరిగిపోండి.

గాలి సంగతి ఒక్క మాట. దక్షిణపు గాలి వీస్తుండగా రొజారియోలో ఆటు దక్షిణానికి దిగుతుంటే గాలీ నీరూ ఎదురెదురుగా కొట్టుకుని, అలలు పొట్టిగా నిటారుగా లేస్తాయి. అదే గాలి పోటుతో కలిస్తే అంత బాధ ఉండదు. గంటా రెండు గంటలు ఆగితే సముద్రం మారిపోతుంది.

బేరింగులతో, అంటే గుర్తులు కనిపించే దిక్కుల కోణాలతో, స్థానం గుర్తించడం నేర్చుకోండి, కానీ దాన్ని పెద్ద యజ్ఞం చేయకండి. చేతి దిక్సూచితో రెండు మూడు గుర్తులను చూసి, 15 కలిపి, చార్టు మీద గీతలు గీస్తే అవి కలిసేచోట మీరున్నారు. దగ్గరి గుర్తులు ఎంచుకోండి. తూర్పున మంచు కప్పుకున్న మౌంట్ బేకర్ ఎంత అందంగా ఉన్నా ఈ పనికి రాదు, చాలా దూరం. అరవై మైళ్ల దూరాన ఒక డిగ్రీ తప్పు ఒక మైలవుతుంది. ఆర్కస్ దీవి మీది మౌంట్ కాన్‌స్టిట్యూషన్ దగ్గరలో ఉన్నప్పుడు పనికొస్తుంది, దీపస్తంభాలు, దీవుల కొసలు ఇంకా మేలు.

దారి చూపే ఎర్ర, ఆకుపచ్చ బోయాల దగ్గర మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. భారత తీరంలో, ఐరోపాలో రేవులోకి వచ్చేటప్పుడు ఎర్రది ఎడమ పక్కన ఉంటుంది. అమెరికాలో దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: సముద్రం నుంచి లోపలికి వస్తుంటే ఎర్రది కుడి పక్కన, ఆకుపచ్చది ఎడమ పక్కన. విశాఖలోనో గోవాలోనో నేర్చుకుని వచ్చినవాళ్లు ఇది కాగితం మీద రాసి స్టీరింగు దగ్గర అంటించుకోవడం మంచిది. దీవుల నడుమ ఏది లోపల, ఏది బయట అన్న సందేహం వస్తే చార్టు మీది రంగు చూసి, ఏ పక్కన లోతుందో చూసి నిర్ణయించుకోండి.

లంగరు లెక్కకు అరగంట చాలు. లంగరు వేసేటప్పుడు మీటరు 19 అడుగులు చూపింది, టైడ్ టేబుల్లో అప్పుడు మట్టం 7, మర్నాడు మధ్యాహ్నం మైనస్ 2. అంటే తొమ్మిది అడుగులు తగ్గి 10 మిగులుతుంది. పడవ అడుగున నీళ్లలోకి దిగి ఉండే కీల్ ఆరు అడుగుల లోతుకు ఉంటే దాని కింద నాలుగు. గొలుసు వదిలేటప్పుడు మాత్రం లెక్క పైనుంచి: ఆ రాత్రి గరిష్ఠంగా 20 అడుగులు ఉంటుందనుకుంటే, ముక్కు ఎత్తు నాలుగు కలిపి, ఐదు రెట్లు, 120 అడుగులు. మీ మీటరు నీటిమట్టం నుంచి కొలుస్తోందా, కీల్ కింది నుంచా అన్నది పడవ అప్పగించేటప్పుడే అడిగి, గేలం దారానికి బరువు కట్టి ఒకసారి కొలిచి చూసుకోండి. అడగడానికి మొహమాటపడే ప్రశ్న కాదిది.

ఫెర్రీలు, ఓడల విషయంలో పాండిత్యం అక్కర్లేదు, దూరం ఉండాలి. థాచర్ పాస్ ఫెర్రీల దారి, రొజారియో చమురు ఓడల దారి. ఎదుటి ఓడను మీ పడవ రెయిలింగు ఊచతో కలిపి చూడండి. మీరు కూర్చున్న చోటు నుంచి కదలకుండా, పడవ దిక్కు మార్చకుండా ఉన్నప్పుడు రెండు నిమిషాల తరువాత కూడా అది అదే ఊచ వెనకే ఉండి పెద్దదవుతుంటే ఢీకొనే దారిలో ఉన్నారు. వెంటనే, ఎదుటివాళ్లకు స్పష్టంగా కనిపించేలా, పెద్ద మలుపు తిప్పండి. వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్ మీద ఉంచి, రొజారియో దాటేటప్పుడు 5ఎ మీద ఓడల కబుర్లు వినండి. ఈ నీళ్లలో తిరిగే దక్షిణ నివాస (సదరన్ రెసిడెంట్) ఓర్కా తిమింగలాలకు 1,000 గజాల దూరం పాటించాలన్న రాష్ట్ర చట్టం 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. ఫోటో కోసం దగ్గరికి పోకండి. ఆగస్టులో ఉదయాలు పొగమంచు కమ్మితే అది విచ్చేదాకా లంగరు ఎత్తకండి. అప్పటికే దారిలో ఉంటే రెండు నిమిషాలకు మించకుండా హారన్ మోగించాలి: ఇంజను మీదైతే ఒక పొడుగు, తెరచాప మీదైతే ఒక పొడుగు, రెండు పొట్టి.

మొదటి రోజు దూరం పెట్టుకోకండి. పడవ అప్పగింత, సామాన్లు, సంతకాలు అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అనకోర్టెస్ నుంచి పది పన్నెండు మైళ్లలో, థాచర్ పాస్ దాటగానే, లోపెజ్ దీవి తూర్పున స్పెన్సర్ స్పిట్ ఉంది. పడవ కట్టుకోవడానికి స్టేట్ పార్కు వాళ్ల బోయాలు ఉన్నాయి, లేదంటే లంగరు వేసుకోవచ్చు. ఇసుక తిన్నెకు, ఫ్రాస్ట్ దీవికి మధ్య సన్నని సందు కనిపిస్తుంది. అందులోంచి వెళ్లాలనుకుంటే ఫ్రాస్ట్ దీవి పక్కకు ఒరిగి వెళ్లండి, లోతు అటే ఉంది. రొజారియో దాటే సమయానికి ప్రవాహం రెండు నాట్లకు మించుతుందని పట్టిక చెబితే, గాలి దానికి ఎదురుగా ఉంటే, ఆ రాత్రికి అనకోర్టెస్‌లోని క్యాప్ సాంటే మెరీనాలోనే పడుకుని, పొద్దున్న నీరు నిలిచే సమయానికి అరగంట ముందు గ్వెమెస్ ఛానల్ చివరకు చేరేలా బయలుదేరండి.